తొమ్మిదేళ్ల అకౌంట్స్ పని నుంచి వెబ్ డెవలప్‌మెంట్‌కు మారాలనుకుంటున్నాను: ఇన్ని టెక్నాలజీలలో దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక అకౌంటెంట్)

అందరికీ నమస్కారం. నా వయసు 32 ఏళ్లు. విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక హోల్‌సేల్ బట్టల దుకాణంలో తొమ్మిదేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. చదివింది బీకాం, ట్యాలీ, ఎక్సెల్, జీఎస్‌టీ రిటర్నులు నా రోజువారీ పని. 2017 జూలై 1న జీఎస్‌టీ అమలులోకి వచ్చినప్పుడు మా పార్టీల జాబితా మొత్తాన్ని కొత్త పద్ధతిలోకి మార్చవలసి వచ్చింది. చేత్తో చేస్తే వారం పట్టే ఆ పని కోసం ఎక్సెల్‌లో మాక్రో (పనిని దానంతట అదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం) రాయడం సొంతంగా నేర్చుకున్నాను. ఒక సాయంత్రం బటన్ నొక్కి, వరుసలు ఒకదాని తర్వాత ఒకటి వాటంతట అవే నిండుతుంటే కుర్చీలోంచి లేచి నిలబడి చూశాను. నా మనసు ప్రోగ్రామింగ్ వైపు మళ్లింది ఆ సాయంత్రమే. ఇంటి పరిస్థితుల వల్ల ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు వెబ్ డెవలపర్‌గా మారాలని గట్టిగా నిర్ణయించుకున్నాను.

అయితే ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. గచ్చిబౌలిలో పనిచేసే మా బావమరిది వెబ్ పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ నేర్చుకోమన్నాడు. మూడు వారాలు వీడియోలు చూశాను. వాటిలో చెప్పినట్టే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పనిముట్టుతో ప్రాజెక్టు మొదలుపెట్టబోతే, దాన్ని ఇకమీదట వాడవద్దన్న హెచ్చరిక తెర మీద కనిపించింది. దాని బదులు వీట్ వాడమని ఒకరు, నేరుగా నెక్స్ట్ జేఎస్‌తో మొదలుపెట్టమని మరొకరు అన్నారు. బ్రౌజర్ భాష జావాస్క్రిప్ట్‌కు మెరుగులు దిద్దిన టైప్‌స్క్రిప్ట్ రాకపోతే రియాక్ట్ నేర్చుకుని ప్రయోజనం లేదని ఇంకొకరు చెప్పారు. అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థకు ఫోన్ చేస్తే, జావా ఫుల్ స్టాక్ (పేజీ, సర్వర్ రెండు వైపులా నేర్పే) ఆరు నెలల కోర్సు తప్ప వేరే మార్గం లేదని చెప్పి, “మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ కూడా మేమే పెట్టిస్తాం” అన్నారు. డిగ్రీలో నాతో చదివిన మిత్రుడు పైథాన్ భాష, దానితో వెబ్‌సైట్లు కట్టే జాంగో మేలంటున్నాడు. డేటాబేస్ విషయంలోనూ ఇదే పరిస్థితి: మాంగోడీబీ, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అని మూడు పేర్లు విన్నాను.

వీటన్నింటినీ రాసుకోవడానికి 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. ఎడమవైపు పేజీలలో విన్న పేర్లు, కుడివైపు పేజీలలో నేర్చుకున్న పాఠాలు రాస్తున్నాను. నిన్న రాత్రి తిరగేస్తే ఎడమవైపు పేర్లు 40 దాటాయి. కుడివైపు మొదటి పాఠం నాలుగు చోట్ల ఉంది, నాలుగో పాఠం ఒక్క చోట కూడా లేదు. ఆ నోట్‌బుక్ చూశాకే ఇక్కడ అడగాలని అనిపించింది.

నా భార్య ల్యాబ్ టెక్నీషియన్. మాకు నాలుగేళ్ల పాప ఉంది. ఇంటి ఖర్చులకు తొమ్మిది నెలల పాటు సరిపోయే పొదుపు ఉంది. పాప నిద్రపోయాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర వరకు చదువుకోగలను. ఉద్యోగం మానేసి కోర్సులో చేరాలా, ఉన్న పని చేసుకుంటూనే నేర్చుకోవాలా? నేర్చుకుంటే దేనితో మొదలుపెట్టాలి? ఎంపిక తప్పితే నాకున్న ఒక్క ఏడాది వృథా అవుతుందేమోనన్న భయంతో ఏదీ ముందుకు సాగడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్, 2011 నుంచి ఈ రంగంలో)

నమస్కారం అండి. మీ నోట్‌బుక్ గురించి చదివాక, నా పాత పుస్తకాల అర గుర్తుకొచ్చి ఈ సమాధానం రాస్తున్నాను.

నేను ఈ పనిలో చేరిన కొత్తలో, 2006లో వచ్చిన జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) రాకపోతే ఇంటర్వ్యూలో కూర్చోవడమే వృథా అనేవారు. 2014లో మా ప్రాజెక్టులోకి యాంగులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్ (పేజీలు కట్టడానికి సిద్ధంగా ఉన్న చట్రం) వచ్చింది. రెండేళ్లు కష్టపడి అందులో చెయ్యి తిరిగిందనుకునే సమయానికి, 2016 సెప్టెంబరులో యాంగులర్ 2 విడుదలైంది. పేరు ఒకటే అయినా పాత కోడ్ అందులో పనిచేయదు. 2021 చివరితో ఆ పాతదానికి మద్దతు కూడా ముగిసింది. 2013లో వచ్చిన రియాక్ట్‌ను ఆ తర్వాత నేర్చుకున్నాను. 2019లో దానిలోకి హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చాక, నేను అప్పటిదాకా రాస్తూ వచ్చిన పద్ధతి పాతబడిపోయింది. మీరు చూసిన క్రియేట్ రియాక్ట్ యాప్ కూడా అలాగే ఏళ్ల తరబడి ప్రతి పాఠంలోనూ మొదటి మెట్టుగా ఉండి, 2025 ఫిబ్రవరిలో పక్కకు తప్పుకుంది. ఆ హెచ్చరిక మీ తెర మీద కనిపించడంలో మీ పొరపాటు ఏమీ లేదు.

ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇన్నేళ్లలో నాతో పాటు మారకుండా వచ్చినవి కూడా ఉన్నాయని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. హెచ్‌టీఎంఎల్ ఫారంలో ఒక పెట్టె, దాని కింద ఒక బటన్. ఆ బటన్ నొక్కితే బ్రౌజర్ నుంచి సర్వర్ అనే అవతలి కంప్యూటర్‌కు ఒక అభ్యర్థన వెళ్లడం. సర్వర్ దాన్ని చదివి డేటాబేస్‌ను అడగడం. సమాధానం 200 (సరే) అనో 404 (అడిగినది లేదు) అనో 500 (సర్వర్‌లో తప్పు) అనో ఒక అంకెతో పాటు తిరిగి రావడం. నేను చేరిన రోజు ఇది ఎలా జరిగేదో ఈ రోజూ అలాగే జరుగుతోంది. డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ భాష 1986లోనే ప్రమాణంగా స్థిరపడింది. నేను మొదటి వారంలో రాసిన ప్రశ్నలు ఈనాటికీ మార్పు లేకుండా నడుస్తున్నాయి. 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్‌కు కొత్త సౌకర్యాలు చేరుతున్నాయే తప్ప పాత పేజీలు చెడిపోకుండా చూసుకుంటున్నారు. మీ ఎడమ పేజీలలోని 40 పేర్లలో ఎక్కువ భాగం ఈ నాలుగైదింటి మీద కట్టిన మేడలే.

పైగా వీటిలో సగం మీకు ఇప్పటికే తెలుసని నా నమ్మకం. చిట్టాలో తేదీల వరుసలో పడిన పద్దు ఆవర్జాలో (లెడ్జరులో) పార్టీ పేరు కింద చేరుతుందని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పార్టీ చిరునామాను ప్రతి బిల్లు మీదా విడిగా రాసి ఉంచితే, ఆ పార్టీ దుకాణం మారిన రోజు ఎన్ని చోట్ల దిద్దాలో కూడా మీకు అనుభవమే. అందుకే పార్టీల వివరాలు ఒక పట్టికలో ఉంచి, బిల్లుల పట్టికలో పార్టీ నంబరు మాత్రమే రాస్తాం. డేటాబేస్ పాఠాలలో పెద్ద పేర్లతో రెండు మూడు అధ్యాయాలు చెప్పేది ఈ విషయమే. పట్టికలు లేకుండా డేటా దాచే మాంగోడీబీ చెడ్డదని అనను. లెక్కల పుస్తకం మనసులో ఉన్న మీకు పట్టికల డేటాబేస్ తొందరగా వంటబడుతుంది కాబట్టి పోస్ట్‌గ్రెస్ గానీ మైఎస్‌క్యూఎల్ గానీ, ఏది ముందు ఇన్‌స్టాల్ అయితే దానితో మొదలుపెట్టండి.

ఇక చేయవలసిన పని చెబుతాను. ఒకే ఒక్క పేజీ కట్టండి. అందులో ఒక పెట్టె ఉండాలి. జీఎస్‌టీ నంబరు టైప్ చేస్తే అది సరైనదో కాదో, ఏ రాష్ట్రానిదో కింద చూపించాలి. మొత్తం 15 అక్షరాలని, మొదటి రెండు అంకెలు రాష్ట్రానివని, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36 అని, ఆ తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరని మీకు నాకంటే బాగా తెలుసు. చివరి అక్షరం ఎలా వస్తుందో మాత్రం బహుశా గమనించి ఉండరు. అది ముందున్న 14 అక్షరాల నుంచి లెక్క కట్టి తీసే తనిఖీ అక్షరం. 0 నుంచి 9 వరకు ఉన్న అంకెలకు అవే విలువలు, ఏ నుంచి జెడ్ వరకు ఉన్న ఇంగ్లిష్ అక్షరాలకు 10 నుంచి 35 వరకు విలువలు ఇస్తారు. మొదటిదాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మళ్లీ 1తో, మళ్లీ 2తో ఇలా మార్చి మార్చి గుణించి, వచ్చిన ప్రతి లబ్ధాన్నీ 36తో భాగించి, భాగఫలాన్నీ శేషాన్నీ కలుపుతారు. ఆ మొత్తాలన్నింటినీ కూడి మళ్లీ 36తో భాగిస్తే వచ్చిన శేషాన్ని 36 నుంచి తీసివేస్తే తనిఖీ అక్షరం విలువ వస్తుంది; శేషం సున్నా అయితే ఆ అక్షరమూ సున్నాయే. ముందు దీన్ని మీ దుకాణం నంబరు మీద కాగితంతో వేసి చూడండి. తర్వాత అదే లెక్కను జావాస్క్రిప్ట్‌లో రాయండి. లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం), షరతు, ఫంక్షన్ (పేరు పెట్టిన కోడ్ ముక్క), తెర మీద మాట మార్చడం, తప్పు ఎక్కడుందో బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి వెతకడం, ఇవన్నీ ఆ ఒక్క పేజీలోనే వచ్చేస్తాయి. దీనికి ఏ ఫ్రేమ్‌వర్కూ అక్కర్లేదు, ఏ కోర్సూ అక్కర్లేదు.

అది పనిచేశాక, సరైన నంబర్లను పార్టీ పేరుతో సహా దాచుకోవాలనిపిస్తుంది. అప్పుడు సర్వర్, డేటాబేస్ అవసరమవుతాయి. బ్రౌజర్‌లో చేసిన తనిఖీని ఎవరైనా తప్పించుకోగలరు కాబట్టి అదే తనిఖీని సర్వర్‌లో మళ్లీ ఎందుకు చేయాలో ఆ దశలో తెలుస్తుంది. ఆ తర్వాత బిల్లు పేజీ కడతారు. ఒక వరుసలో పరిమాణం మారిస్తే ఆ వరుస మొత్తం, పన్ను, బిల్లు మొత్తం, మూలన ఉన్న బాకీ అన్నీ మారాలి. వాటిని చేత్తో ఒక్కొక్కటిగా మార్చే కోడ్ రాసి, ఏదో ఒకటి మరిచిపోయి, మూలన పాత బాకీయే కనిపిస్తున్న రోజున రియాక్ట్ పాఠం తెరవండి. అది ఏ బాధ తీర్చడానికి పుట్టిందో వేరొకరు చెప్పనవసరం ఉండదు.

ఉద్యోగం మాత్రం మానవద్దు. తొమ్మిది నెలల పొదుపు వెనక ఉందన్న ధైర్యంతో నేర్చుకోవడం వేరు, ఆ పొదుపు నెలనెలా కరిగిపోతుంటే చూస్తూ నేర్చుకోవడం వేరు.

సమాధానం 2 (ఒకప్పుడు జూనియర్ కాలేజీలో గణిత అధ్యాపకురాలు, ఇప్పుడు ఫ్రంటెండ్ డెవలపర్, అంటే వాడేవారికి కనిపించే పేజీలు కట్టే పని)

నమస్కారం. నేను గుంటూరులో ఆరేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి, 34వ ఏట ఈ రంగంలోకి వచ్చాను. అందువల్ల మీ రాత్రి తొమ్మిదిన్నర గంటల గురించి రాయాలనిపించింది.

రోజూ రెండు గంటలని నియమం పెట్టుకున్నారు గానీ మీ పనికి నెలలో తేదీలు ఉన్నాయి. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1కు 11వ తేదీ, పన్ను కట్టే జీఎస్‌టీఆర్-3బీకి 20వ తేదీ గడువు ఉన్న మనిషి 9 నుంచి 20 వరకు రాత్రి పూట కొత్త పాఠం చదివితే అది నిలవదు. నాకు పరీక్షల పేపర్లు దిద్దే వారాలు అలాగే ఉండేవి. చదవలేకపోయిన ప్రతి రాత్రీ నన్ను నేను నిందించుకుని, మరుసటి వారం ఏదో సులువైన దారి ఉంటుందని కొత్త కోర్సు వెతికేదాన్ని. మీ నోట్‌బుక్‌లో మొదటి పాఠం నాలుగు సార్లు రావడానికి ఇది కూడా కారణమేమో చూసుకోండి. నేను తర్వాత నెలను రెండుగా విడగొట్టుకున్నాను. పని ఒత్తిడి ఉన్న రోజులలో పాత కోడ్ ఒకసారి తెరిచి చదవడం, ఒక చిన్న తప్పు దిద్దడం, అంతే. కొత్త విషయమంతా మిగిలిన రోజులలో. మీకైతే 21 నుంచి మరుసటి నెల 8 వరకు ఉన్న రాత్రులు నిజమైన చదువు రాత్రులు.

రెండో మాట ఇంగ్లిష్ గురించి. మీరు ప్రస్తావించలేదు గానీ, నాలాగా పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవారికి వీడియోల వైపు మొగ్గు ఎక్కువగా ఉంటుంది. ఎవరో మన భాషలో చెబుతుంటే అర్థమైనట్టే ఉంటుంది, సొంతంగా రాయబోతే చెయ్యి ఆగిపోతుంది. మొజిల్లా వారి ఎండీఎన్ అనే ఉచిత పత్రాలు ఉన్నాయి. నేను అందులో రోజుకు ఒకే ఒక పేజీ చదివి, అర్థమైనంత తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకునేదాన్ని. మొదటి నెల ఒక్కో పేజీకి గంట పట్టింది. ఆ నాలుగు వాక్యాలు రాయలేకపోయిన రోజున నాకు ఆ విషయం అర్థం కాలేదని స్పష్టంగా తెలిసిపోయేది.

మొదటి సమాధానంలో సూచించినట్టు సొంత పనిలోని సమస్యతో నేర్చుకోవడం ఎంత మేలో నా అనుభవం నుంచి చెబుతాను. మా పిల్లల కోసం తెలుగు మాటల ఆట ఒకటి తయారు చేశాను. మాటలో ఎన్ని అక్షరాలున్నాయో అన్ని గళ్లు చూపించాలి. “తెలుగు” అని ఇస్తే మూడు గళ్లకు బదులు ఆరు వచ్చాయి. రెండు రాత్రులు నా కోడ్‌లో తప్పు వెతికాను. తర్వాత తెలిసింది: యూనికోడ్‌లో త వేరు, దాని ఎత్వం వేరు; ల వేరు, దాని కొమ్ము వేరు. జావాస్క్రిప్ట్ పొడవు అడిగితే వీటన్నింటినీ విడివిడిగా లెక్కబెట్టి ఆరు అంటుంది. మనం చూసే అక్షరాలుగా విడగొట్టడానికి ఇంటిల్ సెగ్మెంటర్ అనే సౌకర్యం వేరే ఉంది, దానితో మూడు వచ్చాయి. నేను డబ్బు కట్టిన కోర్సులో ఈ సంగతి ఎక్కడా రాలేదు. తర్వాత ఇంటర్వ్యూలో నీవు చేసిన పని చూపించమంటే నేను చూపించింది ఆ గళ్లనే. అరగంట దాని మీదే మాట్లాడుకున్నాం.

ఆ కోర్సు సంగతి కూడా చెప్పాలి. ఫీజు మొత్తం ముందే కట్టించుకున్నారు. రెండో నెలలో పాఠం చెప్పే ఆయన మానేశారు, ఆ తర్వాత రికార్డు చేసిన వీడియోలే ఇచ్చారు. ఎక్కడైనా చేరాలనుకుంటే ముందు వారం రోజులు తరగతిలో కూర్చుని చూడండి, ఫీజు వాయిదాలలో మాత్రమే కట్టండి.

సమాధానం 3 (హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ బృందానికి ఉద్యోగులను ఎంపిక చేసే బాధ్యతలో ఉన్నాను)

మీ ప్రశ్నలో ఒక వాక్యం నన్ను కలవరపెట్టింది. “మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ మేమే పెట్టిస్తాం” అన్నవారి వైపు దయచేసి వెళ్లకండి. చేరిన తర్వాత కంపెనీలు నేపథ్య తనిఖీ చేయిస్తాయి. మీకు పీఎఫ్ ఉంటే, మీరు ఏ నెల నుంచి ఏ నెల వరకు ఎక్కడ పనిచేశారో మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి) నంబరు కింద నమోదై ఉంటుంది. అదే మూడేళ్లు మరో సంస్థలో ప్రోగ్రామర్‌గా చేశానని కాగితం పెడితే ఆ రెండూ పక్కపక్కన నిలబడతాయి. నేను ఎంపిక చేసిన ఒక అబ్బాయి ఇలాగే నాలుగో నెలలో వెళ్లిపోవలసి వచ్చింది. పని బాగానే చేసేవాడు. కొత్తవాడినని నిజం చెప్పి ఉంటే తక్కువ జీతానికైనా అతన్ని ఉంచుకునేవాళ్లం. ఆ రోజు అతను బ్యాడ్జి బల్ల మీద పెట్టి వెళ్లడం నేను మరిచిపోలేదు. డబ్బు తీసుకుని దొడ్డిదారి ఉద్యోగం ఇప్పిస్తామనేవారి విషయమూ ఇంతే.

మొదటి సమాధానం రాసిన వారితో ఒక చోట విభేదిస్తాను. మూలాలు ముందు రావాలన్నది నిజమే గానీ, మీ వయసులో, మీ బాధ్యతలతో, మార్కెట్ వైపు చూడడం మరీ ఆలస్యం చేయకూడదు. హైదరాబాద్‌లో బ్యాంకులు, బీమా సంస్థల కోసం పనిచేసే పెద్ద బృందాలు చాలావరకు జావా, దాని ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ మీద నడుస్తాయి. చిన్న కంపెనీలు, కొత్త సంస్థలు నోడ్ (సర్వర్‌లోనూ జావాస్క్రిప్ట్ నడిపేది), రియాక్ట్ వైపు ఉంటాయి. విజయవాడ, గుంటూరులలో స్థానిక వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టేవారు ఇప్పటికీ పీహెచ్‌పీ భాష, దాని మీద కట్టిన వర్డ్‌ప్రెస్, లారావెల్‌తో ఇల్లు నడుపుకుంటున్నారు. ఇది మంచి చెడుల తేడా కాదు, ఎక్కడ ఉండబోతున్నారన్న తేడా. కుటుంబంతో విజయవాడలోనే ఉండాలా, హైదరాబాద్ రావడానికి సిద్ధమా అన్నది మీ ఇంట్లో తేలితే మీ ఎడమ పేజీల జాబితాలో సగం దానంతట అదే కొట్టివేయబడుతుంది. రెండు వారాల పాటు మీరు చేరదలచిన ఊళ్లోని కొత్తవారి ఉద్యోగ ప్రకటనలు మాత్రమే తీసుకుని, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టండి. మా సలహాల కంటే ఆ గీతలు నమ్మదగినవి.

మరొక దారి కూడా చూడండి. బిల్లింగ్, అకౌంటింగ్, ఈఆర్‌పీ (సంస్థ పనులన్నీ ఒకచోట చూసే) సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలకు మీలాంటి మనిషి దొరకడం కష్టం. కోడ్ రాసేవారికి క్రెడిట్ నోట్ ఎప్పుడు వేస్తారో తెలియదు, అది తెలిసినవారికి కోడ్ రాదు. అలాంటి చోట మొదట ఇంప్లిమెంటేషన్‌లోనో (కొన్నవారి దగ్గర అమర్చిపెట్టే పని) టెస్టింగ్‌లోనో చేరితే మీ తొమ్మిదేళ్లు లెక్కలోకి వస్తాయి. బయట అందరితో పాటు కొత్తవారిగా వరుసలో నిలబడితే అవి లెక్కలోకి రావు. లోపలికి వెళ్లాక డెవలప్‌మెంట్ వైపు మారినవారు మా బృందంలోనే ఇద్దరు ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ శిక్షణ సంస్థ నంబరు తీసివేశాను. నా భార్యతో మాట్లాడాను. పాప బడి, ఆమె ఉద్యోగం దృష్ట్యా కనీసం రెండేళ్లు విజయవాడలోనే ఉండాలని అనుకున్నాం. ఇంకొక సందేహం మిగిలింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి, కోడ్ అంతా అదే రాసేస్తుంది కాబట్టి కొత్తవారికి ఇక చోటు ఉండదని మా బావమరిది సహా చాలామంది అంటున్నారు. నేర్చుకునేటప్పుడు దాన్ని వాడవచ్చా, అసలు ముట్టుకోకూడదా?

సమాధానం 1 రాసినవారు

కొత్తవారికి తలుపు ఇరుకైన మాట నిజం. మా బృందంలో కూడా ఒకప్పుడు కొత్తవారికి ఇచ్చే చిన్న పనులు కొన్ని ఇప్పుడు యంత్రంతో అయిపోతున్నాయి. దీన్ని దాచి మీకు ధైర్యం చెప్పడం న్యాయం కాదు.

అయితే నిన్న మీ కోసం ఒక ప్రయత్నం చేశాను. జీఎస్‌టీ నంబరు సరిచూసే కోడ్ రాయమని ఒక ఏఐ పనిముట్టును అడిగాను. ఒకే వరుసలో చక్కని నమూనా ఇచ్చింది: రెండు అంకెలు, ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, అలా. చూడడానికి సరిగ్గా ఉంది. కానీ అది ఆకారాన్ని మాత్రమే సరిచూస్తుంది. పాన్‌లోని రెండు అంకెలు తారుమారైన నంబరు ఇస్తే సరైనదేనని ఒప్పుకుంది. తనిఖీ అక్షరం సంగతి నేను గుర్తుచేశాక ఆ లెక్క కూడా రాసి ఇచ్చింది. గుర్తుచేయడానికి అక్కడ ఒక మనిషి ఉండాలి. అంకెలు తారుమారైన నంబరుతో రిటర్ను వేయబోతే ఏమవుతుందో తెలిసిన మనిషి అయితే ఇంకా మంచిది.

అందుకని నా సలహా ఇది. మొదటి పేజీ పూర్తయ్యే వరకు దానిచేత కోడ్ రాయించుకోకండి. మీరు రాసినది దానికి చూపించి, ఇందులో ఏ వరుస ఎందుకు తప్పు అని అడగండి. అది చెప్పిన ప్రతి మాటనూ నడిపి చూసి నమ్మండి. లెక్క సరిపోయిందని ఎదుటివారు చెబితే మీరు ట్రయల్ బ్యాలెన్స్ తీయకుండా ఉంటారా? ఆ అలవాటే ఇక్కడ కూడా.

విజయవాడలోనే ఉంటున్నారు కాబట్టి సర్వర్ వైపు పీహెచ్‌పీ అయినా నోడ్ అయినా ఫర్వాలేదు. నేనైతే నోడ్ అంటాను. పీహెచ్‌పీ అవకాశాలు మీ ఊళ్లో ఎక్కువగానే ఉండవచ్చు, కానీ రాత్రికి రెండు గంటలే ఉన్నవారికి రెండు భాషల కంటే ఒకే భాష సులువు. మూడో సమాధానం రాసినవారు జావా గురించి చెప్పింది హైదరాబాద్ వచ్చే రోజున తప్పక ఆలోచించవలసినదే. ఎస్‌క్యూఎల్, బ్రౌజర్ సర్వర్‌తో మాట్లాడే హెచ్‌టీటీపీ పద్ధతి తెలిసి అప్పుడు జావాకు వెళితే కొత్తగా నేర్చుకోవలసింది భాష, దాని పద్ధతులు మాత్రమే.

ప్రశ్న అడిగినవారు (ఏడు వారాల తర్వాత)

అందరికీ మళ్లీ నమస్కారం. ఎక్కడి దాకా వచ్చానో చెప్పడం నా బాధ్యత అనిపించింది.

పేజీ పూర్తయింది. కాగితం మీద లెక్క మొదటిసారి తప్పింది. ఇంగ్లిష్ అక్షరాలకు విలువ 10 నుంచి కాకుండా 11 నుంచి వేశాను. అది దొరకడానికి రెండు రాత్రులు పట్టింది. మా దుకాణంలోని పార్టీల జాబితా మొత్తం దానిలో వేసి చూశాను. ఒక ధర్మవరం పార్టీ నంబరులో 5, 6 తారుమారై ఉన్నాయి. కొత్త పార్టీ, ఇంకా బిల్లు కాలేదు. అలాగే వదిలేసి ఉంటే 10వ తేదీ రాత్రి రిటర్ను ఎక్కించేటప్పుడు బయటపడేది. మా యజమానికి చూపిస్తే ఆయన కళ్లజోడు పెట్టుకుని తన సొంత నంబరు టైప్ చేసి చూసుకున్నారు, తర్వాత మా పక్క దుకాణం వారిని పిలిచి చూపించారు.

ప్రకటనలు కూడా లెక్కపెట్టాను. ఇతర పేర్లు ఊరిని బట్టి మారుతున్నాయి గానీ, ఎస్‌క్యూఎల్ పక్కన గీతలు రెండు ఊళ్లలోనూ పడుతూనే ఉన్నాయి. నోట్‌బుక్‌లో ఎడమవైపు రాయడం మానేశాను. నోడ్, పోస్ట్‌గ్రెస్ తీసుకున్నాను. పార్టీల పట్టిక, బిల్లుల పట్టిక తయారయ్యాయి. ఈ నెల 9 నుంచి 20 వరకు కొత్తది ఏమీ ముట్టుకోలేదు, అలా వదిలేసినందుకు బాధ కూడా పడలేదు.

ఇప్పుడు బిల్లు మొత్తం దగ్గర ఆగాను. 0.1కు 0.2 కలిపితే జావాస్క్రిప్ట్ 0.30000000000000004 అని చూపించింది. తొమ్మిదేళ్లు పైసా తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని వెతికినవాడిని కాబట్టి దీన్ని చూసి ఊరుకోలేకపోయాను. ఎండీఎన్‌లో చదివి, మొత్తాలన్నింటినీ రూపాయలలో కాకుండా పైసలలో పూర్ణాంకాలుగా దాచాలని నిర్ణయించుకుని పట్టికలు మార్చాను. కానీ పన్ను లెక్కలో పైసకు దిగువన వచ్చే భిన్నాన్ని ఎక్కడ సవరించాలన్నది తేలడం లేదు. ప్రతి వరుసలోనూ సవరించి కూడితే ఒక మొత్తం వస్తోంది, అన్నీ కూడాక చివర ఒక్కసారి సవరిస్తే ఒకటి రెండు పైసల తేడాతో వేరే మొత్తం వస్తోంది. కేంద్ర జీఎస్‌టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్నును చివరికి దగ్గరి రూపాయికి సవరించాలని తెలుసు. డేటాబేస్‌లో మాత్రం వరుసకు ఒక సవరించిన విలువ దాచాలా, సవరించని భిన్నాన్నే దాచి బిల్లు అచ్చు వేసేటప్పుడు సవరించాలా? ఇలాంటి బిల్లు పేజీలు కట్టినవారు మీరు ఎలా చేశారో చెప్పగలరు.